ఓబుళేశు ట్రావెల్స్‌కు ఒక్కటే బండి

ఒరేయ్ శ్రీకాంతూ, ఆ ఫోను ఇటు తిప్పు. నా మాట పడుతోందో లేదో చూసుకో. ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు. మీరంతా ఆ టీవీ కట్టేసి ఇటు రండి.

సిగ్గుండాలి మీకు. డోన్ నుంచి కబురొచ్చిన రోజు, "ఏ ఓబుళేశు, జేజీ?" అని అడిగారు. ఏ ఓబుళేశా! మీ అక్కకు నొప్పులొస్తే కడప ఆసుపత్రికి చేర్చిందెవరు? నీ పుట్టెంట్రుకలకు కొండకు తీసుకుపోయిందెవరు? వాడు తోలే బండిలో వాంతులు చేసుకున్నారు, చెనిక్కాయల పొట్టు పోశారు, ఏసీ పెంచమన్నారు, తగ్గించమన్నారు. ముందు సీట్లో కూర్చున్న మనిషికి పెళ్ళాం ఉందా, పొద్దున ఏమన్నా తిన్నాడా అని ఒక్క రోజైనా అడిగారా? బండికి డీజిల్ పోయాలని తెలుసు మీకు. తోలేవాడికి కడుపుంటుందని తెలియదు.

ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. నేను చదివింది రెండో తరగతి. తప్పులుంటే దిద్దుకో, నా మాటలు మాత్రం మార్చొద్దు.

ఓబుళేశు మన మైదుకూరు వాడు కాదు. డోన్ అవతల నాపరాళ్ళ గనుల పక్కన వాళ్ళ పల్లె. తండ్రి రాయి కొట్టీ కొట్టీ, ఆ దుమ్ము ఛాతీలోకి పోయి, దగ్గుతూనే పోయాడు. ఆ గని దగ్గరికి పోనని కొడుకు లారీ ఎక్కాడు. పసుపు లోడుకు మైదుకూరు వచ్చిన లారీ దిగి ఇక్కడే ఉండిపోయాడు. మన వెనక వీధిలో రేకుల ఇల్లు వేసుకున్నాడు, గిడ్డమ్మను చేసుకున్నాడు. పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే గిడ్డమ్మ చాట తీసుకుని లోపలికి పోయేది. ఓబుళేశు బండి తుడవడానికి పోయేవాడు.

తన బండి కాదు. ఊళ్ళో పెద్దింటి వాళ్ళ బండి. వాళ్ళ పేరు చెప్పను, రేపు ఓట్లడగడానికి మన గడపకే వస్తారు. వాళ్ళు అద్దెకు కూడా తిప్పేవాళ్ళు, వయసంతా ఆ ఇంటి బండ్లే తోలాడు. ఆ ఇంట్లో వాడికి పేరు లేదు. ముసలాయన "ఏయ్ డ్రైవర్" అన్నాడు, ఆయన కొడుకు "ఏయ్ డ్రైవర్" అన్నాడు, మాటలొచ్చీరాని మనవడు కూడా అదే అన్నాడు.

ఒకసారి వాళ్ళను కర్నూలుకు పెళ్ళికి తీసుకుపోయాడు. ఆకలై బంతిలో కూర్చున్నాడు. విస్తరి వేశారు, అన్నం పెట్టారు, పప్పు పోశారు. కలుపుకుని నోట్లో పెట్టుకోబోతుంటే పెద్దింటి కొడుకు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏయ్ డ్రైవర్, లెయ్. చుట్టాలు నిలబడుకోనుండారు, నీకేమి తొందర? మీ వాండ్లకు ఆఖర్న పెడతారులే."

లేచాడు. చేతిలో ముద్ద అట్లాగే ఉంది. విస్తట్లో పెడితే ఎంగిలి, తింటే మర్యాద కాదు. అది పట్టుకునే బయటికి వచ్చి బండి పక్కన నిలబడ్డాడట. కుక్కకు వేశాడో, తిన్నాడో గిడ్డమ్మకు కూడా చెప్పలేదు. ఇంటికి వచ్చి మాత్రం ఒక మాటన్నాడు.

"గిడ్డా, ఇంగ నేను ఓనర్నయితే తప్ప ఇంకొకరి పెండ్లిలో తినను."

అట్లాగే తినలేదు. మన ఇంట్లో మూడు పెళ్ళిళ్ళయ్యాయి. మూడింటికీ మనుషుల్ని చేరవేశాడు. నేను విస్తరి తీసుకుపోయి బండి దగ్గర ఇస్తే కూడా, "కడుపు బాగల్యా పెద్దమ్మా" అన్నాడు. వాడి కడుపు ఎప్పుడూ బాగానే ఉండేది.

ఎన్నో ఏండ్లకు బండి కొన్నాడు. గిడ్డమ్మకు పుట్టింటి వాళ్ళిచ్చిన మెట్ట చేను అమ్మారు, మిగతాది ఫైనాన్సు. కడప షోరూం నుంచి తెల్లటి కొత్త బండి, అద్దెబండికి వేసే పసుపు నెంబరు పలక. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, నేరుగా మన ఇంటి ముందుకు తెచ్చి హారన్ కొట్టాడు. నేను బయటికి వచ్చేసరికి దిగి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కు పెద్దమ్మా. తొలి బోణీ నువ్వే. దుడ్లు ఇయ్యాకు, ఆశీర్వాదం ఇయ్యి."

"వెనక ఎక్కాల్నా ముందర ఎక్కాల్నా?"

"ఓనరు పక్కన ఎక్కు."

ఆ వారంలోనే పెయింటర్‌ను పిలిపించి ఇంటి గోడకు నీలం రంగు వేయించి, ఇంత లావు అక్షరాలు రాయించాడు. శ్రీ ఓబుళేశు ట్రావెల్స్. కింద ప్రొప్రైటర్ అని కూడా. నేను నవ్వాను.

"ఏమప్పా, ఉండేది ఒక్క బండి. దానికి ట్రావెల్సా? మాకు ఒక బర్రె ఉండాది, మేమూ డెయిరీ అని రాయించుకోమా?"

"రేప్పొద్దున పది బండ్లయితాయి పెద్దమ్మా. ఒగేసారి రాయిస్తే పెయింటు కలిసొస్తాది."

గిడ్డమ్మ కూడా నవ్వింది. ఆ మనిషి పళ్ళు నేను చూసింది ఆ పొద్దే.

వానాకాలం, చలికాలం బండి బాగానే తిరిగింది. ఎండలు ముదిరాక దాని బుద్ధి బయటపడింది. ఒంటిమిట్టలో సీతారాముల కళ్యాణానికి మనమే పోయాం కదా, గుర్తుందా? మిట్టమధ్యాహ్నం, కడప దాటాక, రోడ్డు నడుమ బండి చచ్చిపోయింది. ఇంజన్ ఆగింది, స్టీరింగు బిగుసుకుంది, వెనకనుంచి లారీ హారన్ కొడుతోంది. ఓబుళేశు ఎట్లాగో పక్కకు లాగాడు. వాడి చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టయింది. చల్లబడే దాకా కంపచెట్టు కింద కూర్చున్నాం. తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. మీరంతా వాడిని తిట్టారు. ముహూర్తం పోయింది అన్నారు. ఎవరెవరు ఏమన్నారో నాకు తెలుసు, ఇప్పుడు పేర్లు చెప్పను.

అది మొదలు. వేడెక్కితే ఆగడం, చల్లబడితే కదలడం. షోరూంకు తీసుకుపోతే అక్కడ నీడన, ఫ్యాన్ల కింద గుర్రం లాగా ఉండేది. వాడితో పాటు నేనూ ఒకసారి పోయాను, కళ్ళ డాక్టరు దగ్గరికి పోతూ. అక్కడి మేనేజరు టై కట్టుకుని వచ్చాడు.

"కంప్యూటర్ పెట్టి చూశాం. ఏ తప్పూ చూపించట్లేదు."

"ఆ కంప్యూటర్ను నా పక్కన కూసోబెట్టండి సార్, మిట్టమద్దేనం మైదుకూరు దాకా పోయొస్తాం. యాడ ఆగుతాదో అదే చూస్తాది."

"నువ్వు తోలే పద్ధతిలో ఏదో ఉందయ్యా."

"తోలడం నాకు నేర్పాకండి సార్. మీ టై మీకు కట్టుకోవడం రాదంటే ఒప్పుకుంటారా?"

ఏదో పంపు మార్చారు. ఏదో వైరు మార్చారు. ఇంకేదో డబ్బా మార్చారు. ప్రతిసారీ కడిగి, తుడిచి, సెంటు కొట్టి ఇచ్చారు. ప్రతిసారీ ఎండలో ఆగింది. ఇక ఆ బండి ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళిబండి ఆగితే అశుభమన్నారు, ఆసుపత్రికి పోయే బండి ఆగితే ప్రాణం పోతుందన్నారు. తప్పు లేదు వాళ్ళది. బండి ఇంటి ముందు నిలబడిపోయింది. నెలనెలా ఫైనాన్సుకు కట్టే కంతులు మాత్రం నిలబడవు కదా.

అప్పుడు నేనే మన ఊరి నారాయణ కూతురు సుప్రజను పిలిపించాను. కడపలో లాయరు ఆ పిల్ల. మన పంచలోనే కూర్చోబెట్టాను. ఓబుళేశు కింద కూర్చోబోతే కుర్చీ చూపించింది.

"కూసో చిన్నాయనా. కొత్త బండి తయారీలోనే లోపముంటే, బాగుచేసి బాగుచేసి కుదరకపోతే, బండి మార్చమనో, దుడ్లు వెనక్కిమ్మనో అడిగే హక్కు కొన్నోళ్ళకు ఉండాది. దానికి వినియోగదారుల కోర్టు ఉండాది. షోరూం మీదా, కంపెనీ మీదా వేస్తాం."

"అద్దెకు తిప్పే బండికి కూడానా పాపా?"

"ఆడే చిక్కు. వ్యాపారానికి కొన్నోళ్ళకు ఆ చట్టం వర్తించదు. అయితే ఒక్క బండి కొనుక్కోని, తానే తోలుకోని, దాంతోనే పొట్ట పోసుకునేవాణ్ని చట్టం వదిలెయ్యలే. నువ్వు అట్లాంటోనివే. మన బలమంతా అదే. ఎవరు అడిగినా, యాడ అడిగినా, ఒక్కటే బండి, నేనే తోలుతాండా అని చెప్పాల. ఇంకో మాట రాగూడదు. తెలిసిందా?"

"తెలిసింది."

"ఆ గోడమీద బోర్డు..."

"బోర్డు జోలికి రాకు పాపా."

సుప్రజ నా వైపు చూసింది. వాడు సంపాదించుకున్నది ఆ గోడ ఒక్కటే.

నాకు అర్థమైన చట్టం ఇది: తన చేతులతో తోలుకునేవాడికి తలుపు తెరిచి ఉంటుంది, కూర్చుని తోలించేవాడికి మూసి ఉంటుంది. రెండో తరగతి చదివినదానికి అర్థమైంది. వాడికీ అర్థమైంది. అర్థం కాక పాడుచేసుకున్నాడని ఎవరూ అనుకోవద్దు.

కేసు వేశారు. వాయిదాల మీద వాయిదాలు. కంపెనీ వాళ్ళు మా ఇంజనీరు బండిని చూడాలన్నారు, సరే చూసుకోమన్నారు. ఆ రోజు సుప్రజకు వేరే కోర్టులో పని పడింది. ఫోన్ చేసి మళ్ళీ చెప్పింది, "చిన్నాయనా, బండి చూపించు, తాళమియ్యి, నోరు మాత్రం తెరవాకు."

ఇంజనీరు ఎండాకాలంలో వస్తాడా? పుష్యమాసం చలిలో, మంచు కూడా విడవకముందు వచ్చాడు. కుర్రవాడు, తెల్ల బూట్లు. నేను అప్పుడు గిడ్డమ్మకు మజ్జిగ ఇవ్వడానికి పోయి ఆ ఇంట్లోనే ఉన్నాను. ఓబుళేశు లుంగీ ఎగ్గట్టి బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. ఆ కుర్రవాడు బూటు కొసతో చక్రాన్ని తట్టాడు.

"ఏయ్ డ్రైవర్, మీ ఓనర్ని పిలువు."

బండి కింద చప్పుడు ఆగిపోయింది. ఓబుళేశు నెమ్మదిగా బయటికి వచ్చాడు. చేతులకు నల్లటి గ్రీజు. లుంగీ దించుకుని, నిలబడి, ఆ కుర్రవాడి మొహంలోకి చూశాడు.

"నేనే ఓనర్ని."

"అయ్యో, క్షమించండి. మీరేనా ఓబుళేశు గారు? డ్రైవర్ లేడా?"

"డ్రైవర్లు ఊరికి పోయినారు. ఇద్దరుండారు నాకు. కూసోండి సార్."

నేను గడపలోంచి దగ్గాను. పట్టించుకోలేదు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ వేశాడు. కోడిని పట్టమని గిడ్డమ్మకు సైగ చేశాడు. శత్రువైనా వాకిట్లోకి వస్తే సంగటి పెట్టకుండా పంపరు మన వైపు. పెట్టడం తప్పు కాదు. పెట్టేటప్పుడు పేదవాడిగా కనబడకూడదనుకున్నాడు చూడు, అక్కడ చెడింది.

రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిమిండి. ఆ కుర్రవాడు లొట్టలు వేస్తూ తిన్నాడు. ఫోను నీళ్ళ చెంబు పక్కన బోర్లించి పెట్టుకున్నాడు. మాటలు మాత్రం తేనె.

"ట్రావెల్స్ పెద్దదే అనుకుంటా. ఎన్ని బండ్లున్నాయి?"

"మూడు తిరుగుతాండాయి. ఒగటి తిరపతి పాయ, ఒగటి బెంగుళూరు పాయ."

"ఒరేయ్ ఓబుళేశూ, కోడి కూర అడుగంటుతాందంట, వచ్చి చూడు," అన్నాను నేను, ఇంకేం చెప్పాలో తోచక.

"గిడ్డమ్మ చూసుకుంటాదిలే పెద్దమ్మా."

"అన్నిటినీ డ్రైవర్లే చూసుకుంటారా? మీరు తోలరా?"

"నేను స్టీరింగు ముట్టుకోని శానా దినాలాయ సార్."

గ్రీజు చేతులు వెనక పెట్టుకుని చెప్పాడు ఆ మాట. ఆ కుర్రవాడు ఆ చేతులు చూడలేదా? చూశాడు. ఫోను మాత్రం చూడదు కదా, వింటుంది.

తిని, చెయ్యి కడుక్కుని, ఆ చలిలో బండి తోలి చూశాడు. నీళ్ళ మీద పడవ లాగా పోయి వచ్చింది. పోతూ పోతూ నీలం గోడ ముందు ఓబుళేశును నిలబెట్టి, భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు. తీసింది గిడ్డమ్మే. పాపం, దానికి ఫోటో బాగా రావాలన్న ఆరాటమే.

వాడు పోయాక నేను చీపురు అందుకున్నాను.

"ఏంరా, ఆ పాప నోరు మూసుకోమని చెప్పల్యా? మూడు బండ్లంట! యాడరా ఆ రెండు, మీ అత్తగారింట్లో దాసినావా?"

"పెద్దమ్మా, తిట్టాకు. ఆయప్ప నన్ను గారు అన్నాడు."

చీపురు కింద పడేశాను.

కంపెనీ లాయరు ఆ ఫొటో, ఫోనులో పట్టిన ఆ మాటలు, అన్నీ కోర్టులో పెట్టాడు. సుప్రజ వచ్చి మన పంచలో నిలబడే చెప్పింది, కూర్చోలేదు.

"నీ నోటితో నువ్వే చెప్పినావు చిన్నాయనా. మూడు బండ్లు, ఇద్దరు డ్రైవర్లు, స్టీరింగు ముట్టుకోను. వ్యాపారం చేసేవాడు, వినియోగదారుడు కాదు అని కేసు కొట్టేసినారు. బండిలో లోపముండాదా లేదా అనే దాకా పోనేలే."

"అంతా అబద్ధం చెప్పినా పాపా."

"అది నాకు తెలుసు. పై కోర్టుకు పోదాం. నేను ఓనరుగా గొప్ప చెప్పుకున్నా, నిజానికి నేను డ్రైవర్నే, ఒక్కటే బండి అని ప్రమాణం చేసి రాసియ్యాల. ఊళ్ళోవాళ్ళ సాక్ష్యం తేవాల."

కొన్నాళ్ళు ఇల్లు కదలలేదు వాడు. గిడ్డమ్మ వచ్చి మన మెట్ల మీద కూర్చుని ఏడ్చి పోయేది. ఒక పొద్దున చూస్తే బకెట్లో సున్నం కలిపి ఆ నీలం గోడకు పూస్తున్నాడు. అక్షరాలు పోవడం లేదు, సున్నం ఆరేకొద్దీ కిందినుంచి తేలి వస్తున్నాయి. మళ్ళీ పూశాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. పెద్దింటి కొడుకు కూడా కారు ఆపి అద్దం దించాడు.

"ఏం డ్రైవర్, ట్రావెల్సు మూసేస్తివా?"

"మూసేసినా అప్పా," అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

ఆ తర్వాత సుప్రజ దగ్గరికి పోయి, "రాయి పాపా. డ్రైవర్ ఓబుళేశు అని రాయి" అన్నాడట. నేనూ పోయి సాక్ష్యానికి సంతకం పెట్టాను. నా సంతకం వంకరగా ఉంటుంది, అబద్ధం కాదు.

పై కోర్టులో కూడా కేసు పోయింది. కంపెనీ లాయరు కొత్త ఫొటో తెచ్చాడు. ఎవరు తీసి పంపారో దేవుడికి తెలియాలి. సున్నం కొట్టిన గోడ. 'కింద ఓడిపోయాక బోర్డు చెరిపి, మిగతా బండ్లు ఇంకెవరి పేరునో పెట్టి, ఇప్పుడు పేదవాణ్నంటున్నాడు, ఏది నమ్మాలి?' అన్నాడట. కోర్టువాళ్ళు తమ ముందుకు వచ్చిందే చూస్తారు. గొప్పలు పోయినవాడి గొప్పను నమ్మారు, తల దించుకున్నవాడి నిజాన్ని నమ్మలేదు. కావాలంటే సివిల్ కోర్టుకు పోవచ్చన్నారు. ఈదలేక మునిగేవాడికి ఇంకో ఏరు చూపించినట్టు.

ఫైనాన్సు వాళ్ళు వచ్చి బండి తీసుకుపోయారు. అప్పటికి ఎండలు మొదలయ్యాయి. ఊరు దాటి కొంత దూరం పోయాక ఆగిపోయింది. వాళ్ళకు చేతకాక వీడికే ఫోన్ చేశారు. గిడ్డమ్మ వద్దంది. నేనూ వద్దన్నాను.

"నడిరోడ్డున నిలబెట్టుకోనుండారు పెద్దమ్మా. లారీలు తిరిగే రోడ్డు," అన్నాడు.

పోయాడు. చల్లబడే దాకా నీళ్ళు చల్లుతూ కూర్చుని, స్టార్ట్ చేసి, కడప దాకా తానే తోలి అప్పజెప్పాడు. అక్కడి గేటు కాపలావాడు, "నీ పేరేంది, ఎవరు నువ్వు?" అని అడిగితే, "డ్రైవర్ని" అని చెప్పి బస్సెక్కి వచ్చేశాడు. పేరు చెప్పలేదు. ఇది వాడే నాకు చెప్పాడు, ఇంకొకరి కథ చెప్పినట్టు.

తర్వాత మన ఊళ్ళో బండి పట్టలేకపోయాడు. చూసిన ప్రతివాడూ, "ప్రొప్రైటర్ గారూ" అని పిలిచేవాడు. గారు అనిపించుకోవాలని ఉండేది కదా, కడుపు నిండా అన్నారు. గిడ్డమ్మను ఇక్కడే ఉంచి డోన్ పోయాడు. అక్కడ రైలు దిగేవాళ్ళను చేరవేసే అద్దెబండ్లు ఒకాయనకు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఒకటి తోలడానికి కుదిరాడు. ఏ దుమ్ముకు భయపడి లారీ ఎక్కాడో ఆ దుమ్ముకే తిరిగి పోయాడు. రాత్రి కూడా ఆ బండిలోనే పడుకునేవాడట.

ఒకసారి ఫోన్ చేశాడు. "ఎట్లుండావురా?" అంటే, "బండి మంచిది పెద్దమ్మా, యాడా ఆగదు" అన్నాడు. నీ సంగతి అడిగితే బండి సంగతి చెప్తావేంరా అన్నాను. నవ్వలేదు. గిడ్డమ్మను చూస్తుండమన్నాడు. అంతే.

మొన్న ఎండల్లో, మధ్యాహ్నం రైలు కోసం ఎదురుచూస్తూ స్టేషను బయట అద్దెబండి సీట్లోనే కూర్చున్నాడు. రైలు వచ్చింది, జనం దిగారు, వీడు తలుపు తీయలేదు. గుండె ఆగిందని చెప్పారు. ఆ ఓనరు ముందు ఇంకో డ్రైవర్ను పిలిపించి కిరాయి వాళ్ళను పంపించి, ఆ తర్వాత గిడ్డమ్మకు ఫోన్ చేశాడు. వీడి ఇంటిపేరు అతనికి తెలియదు. ఆసుపత్రిలో అడిగితే గిడ్డమ్మే పోయి చెప్పింది.

ఓబుళేశు చనిపోయేనాటికి వయసు యాభై మూడు.